మూడు వందల సైజు కేబుల్

తొర్రూరు రైసుమిల్లులో కేబుల్ కాలిపోయిన తర్వాత హైదర్ లావు వైర్ల మనిషి అయిపోయాడు. ఫ్యాను బిగించమంటే మోటారుకు సరిపోయే వైరు లాగేవాడు. హన్మకొండలో ఒక రిటైరైన తహసీల్దారు ముచ్చటపడి కాలింగ్ బెల్ పెట్టించుకుంటే, దానికి హైదర్ వేసిన వైరు చూసి పక్కింటివాళ్ళు బావిలో కొత్త మోటారు దింపుతున్నారేమో అనుకున్నారు. తహసీల్దారు మర్యాదస్థుడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. బజారులో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణాల ముందు బల్లలేసుకుని కూర్చునేవాళ్ళకు అంత మర్యాద లేదు. "హైదర్ సాబ్, టార్చిలైటుకు గూడ భూమిల కేబుల్ ఏస్తవా ఏంది?" అని ఒకడంటే, "ఊకోర్రా, పాపం కాలిన మనిషి" అని ఇంకొకడు సానుభూతి చూపించేవాడు. ఆ సానుభూతే ఎక్కువ మండేది.

ఇరవై ఏళ్ళుగా లైసెన్సున్న కాంట్రాక్టరు హైదర్. సినిమా హాళ్ళు, జిన్నింగు మిల్లులు, పెద్ద పెద్ద దుకాణాలు, ఎన్నింటికో కరెంటు పని చేశాడు. తొర్రూరు దాకా ఎవరూ అతని లెక్కను తప్పు పట్టలేదు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మిల్లు దాకా భూమిలో కేబుల్ వేశాడు. ఏడాది చక్కగా నడిచింది. ఆ తర్వాత వానాకాలంలో ఒక మధ్యాహ్నం మిల్లు వెనక నేలలోంచి పొగ లేచి మిల్లు ఆగిపోయింది. ఆరబెట్టే యంత్రం కూడా నిలిచిపోయి తడిసిన వడ్లు కుప్పల్లోనే మొలకలెత్తాయి. అంతకు మూడు నెలల ముందు మనవడి పుట్టువెంట్రుకల దావత్‌కు పిలిచి, తన సరసన కూర్చోబెట్టుకుని బగారన్నం తినిపించిన మిల్లు యజమానే ఆ రోజు పదిమంది ముందు "నీ తీగ సన్నం, నీ బుద్ధి సన్నం" అన్నాడు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు వచ్చి, బొగ్గైన కేబుల్ చూసి, సైజు చాలలేదని తేల్చాడు. లైసెన్సు పోలేదు, పేరు మాత్రం పోయింది.

ఆ కేబుల్‌ను తవ్వి తీసింది హైదరే. రెండు బారల మేర నల్లగా మాడిపోయి ఉంది. మట్టినిండా బూడిద. కేబుల్‌కు రక్షణగా పైన పేర్చిన ఇటుకలు మసిబారి ఉన్నాయి. అప్పుడే అతనికి రెండు సంగతులకు పొంతన కుదరలేదు. సన్నపు కేబుల్ మీద భారం పడితే అది మొత్తం పొడుగునా వేడెక్కాలి. ఇది ఒక్కచోటే మాడింది, మిగతాదంతా కొత్తదానిలా మెరుస్తోంది. ఇక ఇటుకల మసి కింది వైపు కంటే పై వైపే దట్టంగా ఉంది. కానీ నెత్తి మీద మిల్లు యజమాని అరుస్తుంటే ఇటుకను తిప్పి తిప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది? తల వంచుకుని ఒప్పుకున్నాడు. ఒప్పుకోగా ఒప్పుకోగా తనే నమ్మేశాడు. అప్పటి నుంచి దావత్‌లకు పోవడం కూడా మానేశాడు, ఎందుకంటే మాంసం ముక్క నోట్లో పెట్టుకునే లోపల ఎవరో ఒకరు తొర్రూరు సంగతి ఎత్తేవారు.

ఇది జరిగిన మూడేళ్ళకు, ఎనభై ఐదు ఎండాకాలంలో, ఎనుమాములలో మిర్చి వ్యాపారి రాజేశ్వర్ రావు హైదర్‌ను పిలిపించాడు. రావుకు మార్కెట్ దగ్గర్లోనే పెద్ద కోల్డ్ స్టోరేజీ ఉంది. జనం దాన్ని 'ఏసీ' అంటారు. ధర లేనప్పుడు రైతులు మిర్చి బస్తాలు ఏసీలో పెట్టుకుని, ధర వచ్చినప్పుడు తీసి అమ్ముకుంటారు. కరెంటు పోయి లోపల చల్లదనం తగ్గితే మిర్చికి చెమట పడుతుంది, రంగు పోతుంది, పురుగు పడుతుంది. ఆ ఎండాకాలం కరెంటు వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అందుకని రావు నూట ఎనభై కేవీఏ జనరేటర్ తెప్పించాడు. లారీ మీంచి దాన్ని దింపేటప్పుడు హమాలీలంతా పని మానేసి చూశారు.

జనరేటర్‌ను ఏసీ పక్కనే పెట్టడానికి లేదు. డీజిల్ వాసన మిర్చికి పట్టిందంటే గుంటూరు వ్యాపారి బస్తా దగ్గర ముక్కు పెట్టి చూసి అక్కడే వదిలేసి పోతాడు. అందుకే షెడ్డు ఆవరణలో ఆ చివర కట్టారు. అక్కడి నుంచి ఏసీలోని ప్యానెల్ దాకా భూమిలో కేబుల్ రావాలి. అది ఎంత సైజు ఉండాలి? అసలు తగువంతా అక్కడే ఉంది.

"గా ఇంకో కాంట్రాక్టర్ సారయ్య రెండు వందల నలభై సైజు సాలంటాండు. నువ్వేమో మొన్న నాలుగు వందలన్నవ్, నిన్న మూడు వందలయి రెండు వరుసలన్నవ్" అన్నాడు రావు, పాన్ డబ్బా మూత తెరుస్తూ. "నాకు కరెంటు సంగతి ఎరుకలేదు హైదర్ సాబ్. గని దినానికో మాట చెప్పే మనిషిని నమ్మాలంటే భయమైతది. ఆదివారం హమాలోల్ల దావత్ ఉన్నది. ఆడ ఒక్కటే మాట చెప్పు. సోమవారం కేబుల్ కోసం లారీ పట్నం పోతది. సైజు నువ్వు చెప్పినదే, సంతకం గూడ నీదే. మల్ల గిది గూడ కాలిందనుకో, ఇన్‌స్పెక్టర్ ఊకుంటడా?"

ఊరుకోడు. ఇంకోసారి కాలితే లైసెన్సు పోతుంది. అలాగని భయంతో అర్థంలేని లావు చెబితే పని సారయ్యకు పోతుంది, హైదర్‌కు లెక్క రాదన్న మాట వరంగల్ అంతా ఖాయమైపోతుంది, ఆ తర్వాత కాలింగ్ బెల్లుకు కూడా ఎవరూ పిలవరు. యాభై ఏళ్ళ వయసులో వేరే పని నేర్చుకోలేడు.

లెక్క కష్టమైనదేం కాదు. జనరేటర్ నిండు బలంతో నడిస్తే రెండు వందల యాభై ఆంపియర్ల కరెంటు పంపుతుంది. రెండు వందల నలభై చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ దాన్ని మోస్తుందని కేటలాగులో ఉంది. సారయ్య చూసింది అంతవరకే. కానీ ఆ అంకె వేసినవాడు చల్లటి నేలను మనసులో పెట్టుకుని వేశాడు. మే నెలలో ఎనుమాముల నేల మీద చెప్పుల్లేకుండా నడిచినవాడెవడూ ఆ అంకెను నమ్మడు. కాగిన నేలలో కేబుల్ తన వేడిని బయటికి వదల్లేదు, అందువల్ల తక్కువ మోస్తుంది. పైగా షెడ్డు దూరం. దూరం పెరిగేకొద్దీ వోల్టేజి దారిలో కొంచెం రాలిపోతుంది, కంప్రెసర్ మోటారు లేవబోయే వేళకు అది సరిగ్గా అందకపోతే మోటారు మూలుగుతూ నిలబడుతుంది. ఇవన్నీ కలిపి చూస్తే లెక్క మూడు వందల సైజు దగ్గర ఆగుతుంది. అటు తిప్పి వేసినా ఇటు తిప్పి వేసినా అక్కడే ఆగుతుంది. ఆగనిది హైదర్ గుండె. ఆ అంకె కాగితం మీద పెట్టగానే తొర్రూరు పొగ కళ్ళ ముందు లేచేది, చెయ్యి దానంతటదే పై సైజు మీదికి పోయేది.

సైజు తేలకపోయినా కాలువ తవ్వకం ఆగలేదు. ఏ సైజైనా కాలువ అంతే వెడల్పు, అంతే లోతు. బుధవారం పొద్దున హైదర్, ఇరవై ఏళ్ళ నుంచీ అతని దగ్గరే పనిచేస్తున్న ఉప్పలయ్య, ఇద్దరూ కాలువ అడుగు చదును చేయిస్తున్నారు. గట్టు మీద ఇసుక పోసి ఉంది, పక్కన ఇటుకలు పేర్చి ఉన్నాయి.

"మంచిగైంది పో! ఈ ఏడు నా మనుషులకు తవ్వుడు తప్పింది."

వెనక్కి తిరిగి చూస్తే కట్టమ్మ. నడుము మీద చేతులు పెట్టుకుని కాలువను అటు చివర నుంచి ఇటు చివర దాకా మెచ్చుకోలుగా చూస్తోంది. మామూలు రోజుల్లో ఆమె ఏసీలో మిర్చి ఊడుస్తుంది. దావత్ వచ్చిందంటే మాత్రం ఆ చుట్టుపక్కల ఆమె మాటే మాట. వందల మందికి వండాలంటే ఇంట్లో పొయ్యి చాలదు, గాడిపొయ్యి కావాలి. మోకాలి లోతున పొడుగ్గా కాలువ తవ్వి, అందులో మొద్దులు పేర్చి అంటిస్తే, పైన వరుసగా గంజులు, అంటే పెద్ద పెద్ద వంట గిన్నెలు, నిలుస్తాయి. అలాంటి పొయ్యి తవ్వించడంలో, దానిమీద అన్నం పలుకు విరగకుండా దింపడంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

"ఎవలు తవ్విచ్చిండ్లో గని పొయ్యి తీర్గ తవ్విచ్చిండ్లు" అంటూ ఆమె వెనక వస్తున్న ఆడవాళ్ళకు కేక వేసింది. "కట్టెలు గీడ దించుండ్లే! గీడ నాలుగు గంజులు నిలుస్తయ్. కూర గంజులు గాడ."

"అక్కా, ఆగాగు!" హైదర్ చేతులు అడ్డం పెట్టాడు. "అది పొయ్యి గాదు. కరెంటు కేబుల్ కోసం తవ్విస్తానం."

"కరెంటు యాడుంది సాబూ? ఖాళీగనే ఉన్నది గద. ఆదివారం వండుకుంటం, సోమవారం బూడిద ఎత్తిపోస్తం. నీ కాలువ నీకే ఉంటది. దానికి గంత ఫికరెందుకు?"

"రేపు ఇసుక పోస్తం అక్కా. సామానంత గీడనే ఉంటది, ఇటుకలు..."

"ఇటికెలుంటె ఇంక మంచిదాయె!" కట్టమ్మ ముఖం వెలిగిపోయింది. "నీకెరుకలేదు సాబూ. తొర్రూరుల మిల్లోల్ల దావత్ వండవోయినప్పుడు జూసిన. మిల్లు ఎనుక, ఊక కుప్ప పక్కపొంటి తవ్వుతాంటే మోకాల్లోతు పోంగనే పార టంగుమన్నది. ఏందా అని మన్ను తీస్తె వరుసగ ఇటికెలు, పొందిచ్చి పేర్చినట్టు! ఎనుకట ఎవలో వండుకున్న పొయ్యి అనుకున్నం. ఆ ఇటికెల మీదనే మొద్దులు వెట్టి అంటువెట్టినం. అబ్బా, ఏం కాగినయ్! పొద్దుగాల అంటువెడితే పొద్దుగూకేదాక నిప్పు సల్లారలే. ఎన్ని దావత్‌లు వండిన గని గసొంటి పొయ్యి మల్ల దొరకలే నాకు."

ఉప్పలయ్య చేతిలో పలుగు ఆగిపోయింది.

హైదర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "ఏ దావత్ అక్కా?"

"గదే, మిల్లాయన మనవని పుట్టెంటికలు. మూడేండ్లాయె."

"వండినంక ఆ పొయ్యి ఏం చేసిండ్లు?"

"పూడ్వకపోతె బండ్లెట్ల తిరుగుతయ్? బూడిద, బొగ్గులు, మన్ను అన్ని కలిపి పూడ్చి, నీల్లు జల్లి తొక్కి అచ్చినం. గాడ పొయ్యి ఉండెనంటే ఎవలు నమ్మరు!" అంది కట్టమ్మ గర్వంగా.

హైదర్ ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. ఇటుకల పై ముఖానికి మసి ఎందుకు పట్టిందో, ఆ మట్టిలో అంత బూడిద ఎక్కడిదో, కేబుల్ ఒక్కచోటే ఎందుకు మాడిందో ఒక్కసారిగా తెలిసిపోయింది. పగలంతా పైన మొద్దులు మండితే కింద జానెడు ఇసుకలో కేబుల్ తోలు మెత్తబడి ఉంటుంది. చచ్చీ చావకుండా మూడు నెలలు మోసి, వానకు నేల తడవగానే ప్రాణం విడిచింది. కేబుల్ దారి తెలియడానికి అతను ఆ రోజుల్లో గుర్తు రాళ్ళు పాతించాడు. వడ్ల బండ్ల చక్రాలు తగిలి అవి పోయాయని తర్వాత విన్నాడు కానీ, మళ్ళీ పాతించిన వాళ్ళు లేరు.

"నువ్వు కాల్చింది మా కేబులే కట్టమ్మా!" ఉప్పలయ్య పలుగు కింద పారేసి అరిచాడు. "నీ పొయ్యి కింద కరెంటు కేబుల్ ఉండె! మూడేండ్ల సంది మా సాబును ఊరంత తిడుతాంది. లైసెన్స్ పోతుండె తెలుసా?"

విషయం అర్థం కావడానికి కట్టమ్మకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖంలో రక్తం లేదు. "అయ్యో, నాకేమెరుక సాబూ? ఇటికెలు గద అనుకున్న." చీర కొంగు చేతికి చుట్టుకుంటూ దగ్గరికి వచ్చింది. "నా మీద కేసు అయితదా? మిల్లాయన శానా కోపపు మనిషి. ఆయనకు ఎరుకైతె ఈ తాలూకల ఒక్క దావత్‌ల గంజు ఎక్కియ్యనియ్యడు నన్ను."

హైదర్‌కు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పేర్చిన ఇటుకలు కనబడితే వంటమనిషికి పొయ్యి కాక ఇంకేం గుర్తొస్తుంది?

"ఏం కాదక్కా. ఎవలకూ చెప్ప" అన్నాడు లేస్తూ. తర్వాత తనే సున్నం తెచ్చి, ప్రహరీ గోడ పక్కన దూరంగా రెండు గీతలు గీసి, "నీ పొయ్యి గీడ తవ్విచ్చుకో" అని చూపించాడు. కట్టమ్మ మారుమాట్లాడకుండా కట్టెలు అటు మోయించింది.

సాయంత్రం లూనా మీద ఖిలా వరంగల్‌లోని ఇంటికి చేరేసరికి అతని భార్య రహీమాబీ అరుగు మీద చాటలో పప్పు ఏరుతోంది. అతన్ని చూసి చాట పక్కన పెట్టి, ఎప్పటిలా కొడుకు పేరుతో పిలిచింది. "ఏమైంది జమాల్ అబ్బా? ముఖం గట్లున్నదేంది?"

చెప్పాడు. ఆమె ముందు నోరు తెరుచుకుని విన్నది. తర్వాత నవ్వింది, పప్పు చెదిరిపోయేంతగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "పొయ్యా? ఒక పొయ్యి కోసమా? మూడేండ్ల సంది చుట్టాల ఇండ్లకు గూడ తల వంచుకోని పోయినం గదయ్యా!" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రేపే పో. తొర్రూరు చౌరస్తల నిలవడి అందరికి చెప్పు."

"చెప్తే కట్టమ్మ ఆగమైతది. మాటిచ్చిన."

"ఆమె గంజు గురించి నీకు ఫికరున్నది. నీ పేరు గురించి ఎవలకున్నది?" రహీమాబీ చాట విసురుగా అందుకుంది. పప్పంతా ఏరడం అయ్యాక ఆమే అడిగింది. "సరే, కేబుల్ ఎంతంటవ్ మరి?"

"లెక్క మూడు వందలంటాంది."

"లెక్క సంగతి నేనడుగలే. నువ్వేమంటానవ్?"

హైదర్ లేచి లూనాను లోపల పెట్టాడు. నిజం తెలిసింది కదా అని భయం మర్నాడే మూటాముల్లె సర్దుకుని పోదు. గురువారం కాగితం ముందు పెట్టుకున్నాడు, చెయ్యి మళ్ళీ నాలుగు వందల మీదికే పోయింది. శుక్రవారం నమాజు నుంచి వస్తూ దారంతా అదే లెక్క మనసులో వేసుకున్నాడు. తొర్రూరులో వేసిన లెక్కను కూడా మొదటి నుంచి మళ్ళీ వేశాడు. అందులో తప్పు లేదు. మూడేళ్ళలో దాన్ని తిరిగి వేసి చూసుకునే ధైర్యం చేయడం అదే మొదటిసారి. కళ్ళు చెమర్చాయి, లూనా ఆపి తుడుచుకున్నాడు.

ఆదివారం మైసమ్మకు మొక్కు చెల్లించాక ఏసీ ముందు షామియానా కింద విస్తళ్ళు వేశారు. అందరూ తినాలి కాబట్టి మేకలను ముల్లా వచ్చి కోశాడు, ఎప్పుడూ జరిగే పద్ధతే అది. హమాలీలు, వాళ్ళ పిల్లలు, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణాల గుమాస్తాలు వరుసల్లో కూర్చున్నారు. ముందు వరుసలో రాజేశ్వర్ రావు, అటు సారయ్య, ఇటు హైదర్. మూడేళ్ళ తర్వాత హైదర్ కూర్చున్న మొదటి దావత్ అది. విస్తట్లో బగారన్నం పొగలు కక్కుతోంది కానీ అతనికి ముద్ద దిగడం లేదు.

"ఇగ చెప్పు హైదర్ సాబ్" అన్నాడు రావు గట్టిగా. "రేపు లారీ పోతది. ఎంత?"

హైదర్ నాలుక మీద నాలుగు వందలు సిద్ధంగానే ఉంది. ఒక్క గుక్క నీళ్ళు తాగాడు.

"మూడు వందలు. ఒక్కటే వరుస. రెండు నలభై మన ఎండకు ఆగది. నాలుగు వందలు దండుగ."

"నాలుగు వందలంటవని పందెం కాసిన నేను!" అన్నాడు సారయ్య. నవ్వులు లేచాయి.

రావు నవ్వలేదు. "తొర్రూరుల గూడ గిట్లనే ఒక్క వరుస సాలన్నవట గద?"

"అన్న. ఆడ గూడ లెక్క సక్కనిదే."

"సక్కనిదైతె ఎందుకు కాలింది మరి?"

వడ్డించేవాళ్ళ చేతులు కూడా ఆగాయి. హైదర్ విస్తరి వైపే చూస్తున్నాడు. "సైజు తక్కువై కాలలే రావు సాబ్. ఎందుకు కాలిందో నాకెరుకే. అంతకు మించి నన్నడగకు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మాట ఎంత పేలవంగా ఉందో హైదర్‌కూ తెలుసు. రావు పెదవి విరిచి సారయ్య వైపు తిరిగాడు. పని చేజారిపోతోందని హైదర్ గ్రహించాడు, అయినా నోరు మెదపలేదు.

"కాల్చింది నేను సేటూ."

కట్టమ్మ చేతిలో పెద్ద తెడ్డుతో షామియానా కిందికి వచ్చి నిలబడింది. పొయ్యి సెగకు ముఖం కందిపోయి ఉంది. "మిల్లు ఎనుక ఆయన కేబుల్ మీద పేర్చిన ఇటికెలను పొయ్యనుకోని, పొద్దందాక మొద్దులు కాల్చిన. మిల్లాయన మనవని పుట్టెంటికలకు. హైదర్ సాబ్ ఎవలకు చెప్పనన్నడు. చెప్పలే గూడ, చూస్తిరి గద. నాలుగు దినాల సంది నాకే అన్నం సయిస్తలేదు. మిల్లాయన పిలువకపోతె పాయె! ఆయనింట్ల మల్ల దావత్ ఎప్పుడు, ఆ పోరడు లగ్గానికచ్చినప్పుడు గద!"

రావు చేతిలో ముద్ద అలాగే ఉంది. "మనవని పుట్టెంటికలా? ఆ దావత్‌కు నేను పోయిన గద!"

"పోయినవ్ సేటూ. బగార రెండు మాట్ల ఏపిచ్చుకోని తిన్నవ్" అంది కట్టమ్మ.

రావు మెల్లగా హైదర్ వైపు తిరిగాడు. అతని కళ్ళలో ఏదో జ్ఞాపకం కదిలింది. "నా పక్కపొంటి కూసున్నది నువ్వే గదయ్యా! నీకు గూడ రెండు మాట్ల ఏసిండ్లు. 'గిసొంటి బగార నా జిందగీల తినలే, వండిన చేతికి సలాం చెప్పుండ్లి' అన్నవ్!"

నిజమే. అన్నాడు. ముందు భాగంలో పందిరి కింద కూర్చుని, వెనకాల తన కేబుల్ మీద ఉడికిన అన్నాన్నే మెచ్చుకుని, మారు వేయించుకుని తిన్నాడు. హైదర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని పక్కవాళ్ళు కంగారుపడ్డారు కానీ, చేతులు తీశాక చూస్తే నవ్వుతున్నాడు, కళ్ళ నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. రావుకు పొలమారింది. ఇక ఆ నవ్వు వరుస నుంచి వరుసకు పాకి, విషయం వినబడని చివరి వరుసలో పిల్లలు కూడా పడీ పడీ నవ్వారు.

"మూడు వందలే తెప్పిస్త" అన్నాడు రావు, నీళ్ళు తాగి తేరుకున్నాక. "సంతకం రేపు పొద్దుగాల. కట్టమ్మా, నువ్వు మాత్రం నా కాలువ దిక్కు చూడకు."

"గోడపొంటి వండిన సేటూ. కింద ఏం లేదని సాబే గీత గీసిచ్చిండు" అంది కట్టమ్మ. తర్వాత హైదర్ విస్తరి వైపు చూసింది. "ఏంది సాబూ, ఏసింది ఏసినట్టే ఉన్నది?"

హైదర్ అన్నం కలుపుకున్నాడు. ఆకలి దంచేస్తోంది. విస్తరి ఖాళీ చేసి, వడ్డించే మనిషిని తనే పిలిచి మారు వేయించుకున్నాడు.

కేబుల్ వచ్చింది, కాలువలో పడుకుంది, ఇసుక పోసి ఇటుకలు పేర్చి పూడ్చారు. దారి పొడుగునా హైదర్ గుర్తు రాళ్ళు పాతించాడు, ఎర్ర రంగుతో మెరుపు గుర్తు వేయించాడు. జూన్ మొదట్లో గాలిదుమారానికి ఎక్కడో స్తంభాలు కూలి పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నమైనా రాలేదు. జనరేటర్ నిండు బరువుతో ఆగకుండా నడుస్తోందని కబురందగానే హైదర్ లూనా తీశాడు.

ఆవరణలోకి వస్తూనే ఆగిపోయాడు. అతను పాతించిన రాళ్ళన్నింటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఒకదాని ముందు కొబ్బరి చిప్ప కూడా ఉంది. మిర్చి బండ్లు వాటిని తాకకుండా భయభక్తులతో చుట్టు తిరిగి పోతున్నాయి.

"నేనే వెట్టిన" అంది కట్టమ్మ, చీపురు చంకలో పెట్టుకుని వస్తూ. "నీ ఎర్ర గీతలకు ఎవలు భయపడుతరు సాబూ? ఇప్పుడు సూడు, పార వట్టుకోని ఎవడన్న ఆ దిక్కు పోతడా?"

హైదర్‌కు నవ్వు వచ్చింది. ఇన్‌స్పెక్టరు వస్తే ఏం చెప్పాలో మాత్రం తర్వాత ఆలోచించుకుందామనుకున్నాడు. ప్యానెల్ గది బయట కేబుల్ పైకి వచ్చే చోట కట్టిన గుంత మూత ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి కేబుల్ మీద ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. పిల్లల స్నానానికి కలిపిన నీళ్ళలా గోరువెచ్చగా ఉంది, అంతే. పొద్దుటి నుంచి ఇంత బరువు మోస్తున్నా అంతే.

కట్టమ్మ కూడా పక్కన గొంతు కూర్చుంది. అనుమానంగా ఒక వేలు చాచి ముట్టి చూసింది, తర్వాత అరచెయ్యి మొత్తం పెట్టింది.

"దీని మీద అన్నం ఉడుకుతదా సాబూ?"

"ఉడుకదక్కా" అన్నాడు హైదర్. "జిందగీల ఉడుకది."